నలభై రెండు కంప్యూటర్లు, ఒకే తండ్రి

ఒక శనివారం ఉదయం ఏడున్నరకి, దోహాలో నేను పనిచేస్తున్న కంపెనీలో నలభై రెండు మంది తండ్రులకి ఒకేసారి సీరియస్ అయింది.

మొదట బయటపడింది రిసెప్షన్‌లో. అక్కడ కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయి గేట్‌పాస్ టైపు చేద్దామని కంప్యూటర్లో కొత్త కాగితం తెరిచింది. తెల్లగా ఉండవలసిన కాగితం మీద అప్పటికే ఒక ఉత్తరం ఉంది. 'గౌరవనీయులైన అయ్యా, మా తండ్రిగారు స్నానాలగదిలో కాలుజారి పడి సీరియస్‌గా ఉన్నారు. నేనొక్కడినే కొడుకుని. డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. కనుక దయతో రెండు నెలలు సెలవు ఇప్పించ ప్రార్థన. ఇట్లు తమ విధేయుడు, హౌస్ డ్రైవర్.' అంతా ఇంగ్లీషులో. ఆ అమ్మాయి దాన్ని మూసి ఇంకో కాగితం తెరిచింది. అందులోనూ తండ్రిగారు పడ్డారు. మూడోసారి కూడా పడేసరికి నన్ను పిలిచింది.

నేను ఆమె బల్ల దాకా చేరేలోపు అకౌంట్స్ వాళ్ళు పిలిచారు. అటు తిరిగేలోపు డ్రాయింగ్ సెక్షన్లో నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులు ఆగకముందే ముదీర్ గదిలోంచి గంట మోగింది. ముదీర్ అంటే మేనేజరు. ఈజిప్టులో వాన అనేది ఎరగని ఎగువ ప్రాంతంలో పుట్టి, ఇరవై ఏళ్ళుగా ఖతార్‌లో ఇళ్ళు కడుతున్న ఇంజనీరు. కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గించే మనిషి.

ఆయన బల్ల మీద ఎడమపక్క ఒక కాగితం ఉంది. బుధవారం నుంచి సంతకం కోసం ఆగి ఉన్న తన సొంత డ్రైవరు సెలవు దరఖాస్తు అది. కుడిపక్క కంప్యూటరు. దాని తెర మీద, అక్షరం పొల్లుపోకుండా, అదే దరఖాస్తు. ఆయన ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ చూసి, దాదాపు గుసగుసగా అడిగాడు:

"నా డ్రైవరు నా కంప్యూటర్లోకి ఎలా వచ్చాడు?"

ఎలా వచ్చాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గల్ఫ్‌కి రాకముందు నేను తొమ్మిదేళ్ళపాటు ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌ని. పేజీలు కత్తిరించి అంటించే రోజులు పోయి కంప్యూటర్లు దిగినప్పుడు, వాటిని చూసి భయపడనివాణ్ణి మా డెస్కులో నేనొక్కణ్ణే. అందుకని అవి మొరాయించినప్పుడల్లా నన్నే పిలిచేవారు. ఆ అనుభవాన్ని బయోడేటాలో కాస్త పెద్ద అక్షరాల్లో రాసుకుని, తొంభైల రెండో సగంలో దోహా చేరాను. మాది భవనాలు కట్టే కంపెనీ. ఆఫీసు అల్ ముంతజాలో, ఒక తివాచీల దుకాణం మీద రెండంతస్తుల్లో ఉండేది. కంప్యూటర్లన్నీ చూసుకోవడం నా డ్యూటీ.

నేనుండే గది ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో. అక్కడ నాకు ఇంకో డ్యూటీ ఉండేది, దాన్ని ఎవరూ ఇవ్వలేదు. 'పేపర్లో పనిచేసినాయన' అన్న మాట పాకిపోయింది. పేపర్లో పనిచేశాడంటే ఏ ఉత్తరమైనా రాసేస్తాడని మనవాళ్ళ లెక్క. శుక్రవారం పొద్దున టిఫిన్ అయ్యీ కాకముందే గుమ్మం దగ్గర చెప్పులు పేరుకునేవి. ఊరికి ఉత్తరాలు, బ్యాంకుకి ఉత్తరాలు. అన్నిటికన్నా ఎక్కువ, సెలవు దరఖాస్తులు.

సెలవు దరఖాస్తుకి ఒక ఆచారం ఉండేది. అసలు కారణం రాయకూడదు. బోరు వేయించాలనో, తమ్ముడు సర్పంచికి నిలబడ్డాడనో రాస్తే ఏ కంపెనీ సెలవివ్వదని అందరి గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎవరూ పరీక్షించి చూసింది కాదు. తండ్రికి సీరియస్ అంటే మాత్రం ఇస్తారు. తల్లికి అంటే ఇంకా గట్టిగా పనిచేస్తుందని తెలుసు గానీ, తల్లి మీద అంత మాట అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు. తండ్రుల విషయంలో అలాంటి ఇబ్బంది ఎవరికీ ఉన్నట్టు నేను చూడలేదు.

స్నానాలగది మాత్రం నా చేర్పు. ఏ వార్తకైనా ఎవరు, ఎక్కడ, ఎప్పుడుతో పాటు 'ఎలా' కూడా ఉండాలని డెస్కులో నేర్పారు. ఊరికే 'సీరియస్' అంటే నమ్మబుద్ధి కాదు. అందుకని తండ్రిగారిని స్నానాలగదిలో పడేశాను. బాగా కుదిరింది. అప్పటినుంచి వచ్చిన ప్రతివాడి తండ్రినీ అక్కడే పడేస్తూ వచ్చాను. ఉత్తరం ఎప్పుడూ అదే. కింద మనిషే మారతాడు. ప్రతిసారీ మళ్ళీ టైపు చేయడం దండగని, ఆఫీసులో నా కంప్యూటర్లో ఒక ఏర్పాటు చేసుకున్నాను. కొత్త కాగితం తెరిస్తే ఖాళీగా రాకుండా నేరుగా ఆ ఉత్తరమే వచ్చేలా పెట్టాను. తెరవడం, ఉద్యోగం మార్చడం, ప్రింటు తీయడం; పేరు వాళ్ళ సంతకంలోనే ఉండేది. పని రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఆ వేసవిలో వచ్చిన డ్రైవరు కడప వైపు పల్లె మనిషి. మా ముదీర్ ఇంట్లోనే డ్రైవరు. అల్ రయ్యాన్‌లో ఉన్న ఆ ఇంటి వెనక గదిలో ఉంటూ, పొద్దున పిల్లల్ని బడికీ, తర్వాత ముదీర్‌ని ఆఫీసుకీ చేరవేసేవాడు. మూడేళ్ళ కిందట మొదటి సెలవు ఉత్తరం కూడా నా చేతే రాయించుకున్నాడు.

"పోయినసారి ఏం రాశామయ్యా?" అని అడిగాను.

"నాయనకేనన్నా."

"ఇప్పుడెలా ఉన్నారు మీ నాయన?"

"ఆయన పోయి పదేండ్లాయె గదన్నా."

"మరి?"

"ముదీర్‌కు ఆ సంగతి చెప్పలే. ఆయప్ప లెక్కలో ఇంగా సీరియస్‌గానే ఉండాడు. అట్లే ఉండనీ."

అసలు సంగతి వేరే. ఊళ్ళో అతని ఇల్లు గోడల దాకా లేచింది. ఇక స్లాబు పడాలి. బామ్మర్ది ఉత్తరం రాశాడు: 'బావా, ఈ నెలాఖరుకు స్లాబు ఏస్తాండాం. అంత దూరం నుంచి నువ్వు శ్రమ పడి రావద్దు. అన్నీ నేను చూసుకుంటా.' ఆ ఉత్తరాన్ని నా ముందు విప్పి, ఆఖరి మాట మీద వేలు పెట్టాడు.

"చూస్తివా అన్నా? అన్నీ వాడు చూసుకుంటాడంట. వాడు చూసుకుంటే నాకు స్లాబు రాదు, ఇసుక కుప్ప వస్తాది. పోయిన్నెల వాడి ఇంటికాడ సిమెంటు తొట్టి లేసింది. ఆ సిమెంటు యాడిదనుకుంటివి?"

"మరి కొన్నాళ్ళు ఆపమని రాయి."

"మేస్త్రీ ఆగడన్నా. నెల దాటితే బెంగుళూరు పనికి పోతాడు. నేను మిక్సరు కాడ నిలబడల్ల. మూట మూటా నా కండ్ల ముందర ఇప్పల్ల. అంతే."

ఎనిమిదేళ్ళు ఎండలో స్టీరింగు పట్టి లేపిన ఇల్లు. దాని కప్పు గట్టిగా ఉంటుందా ఉండదా అన్నది ఆ రెండు నెలల సెలవు మీద ఆధారపడి ఉంది. బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో అతని ఉత్తరం తీసి ఇచ్చాను. తొందరలో ఉన్నాను. సేవ్ చేయాలా అని కంప్యూటరు ఏదో అడిగితే ఊఁ అన్నాను. దాంతో నా ఖాళీ కాగితం మీద ఉద్యోగం దగ్గర 'హౌస్ డ్రైవర్' ఉండిపోయింది. అది నేను గమనించలేదు.

తొందర దేనికంటే, ఆ వారమే కంపెనీలో ఉన్న నలభై రెండు కంప్యూటర్లకీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి. పాత పద్ధతిలో ఒక్కో యంత్రం ముందు కూర్చుని సిస్టమ్, అరబిక్ అక్షరాలు, డ్రాయింగులు గీసే ప్రోగ్రాం, స్టోర్స్ ప్రోగ్రాం, అన్నీ ఎక్కించాలంటే దాదాపు ఒక రోజు పట్టేది. కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఒక్క యంత్రాన్ని అన్ని విధాలా సరిచేసి, దాని డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా ఒకే ఫైలుగా తీసుకుంటారు. దాన్ని ఇమేజ్ అంటారు. ఆ ఇమేజ్‌ని సర్వర్‌లో పెట్టి, నెట్‌వర్క్ తీగల మీదుగా మిగతా యంత్రాలన్నిటికీ ఒకేసారి దించితే, అన్నీ ఆ మొదటిదానిలాగే తయారవుతాయి. నాకు ఇది వెంటనే అర్థమైంది. పత్రికలో అచ్చు వేసే ప్లేటు లాంటిది. ప్లేటు ఒకటి సరిగ్గా చేస్తే వేల కాపీలు సరిగ్గా వస్తాయి. ప్లేటు మీద తప్పుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. తెలిసినవాడు గుర్తుపెట్టుకోవాలన్న నియమమేమీ లేదు కదా.

మొదటి యంత్రంగా కొత్తదాన్ని తయారు చేయాలి. అది పద్ధతి. కానీ నా కంప్యూటర్లో కొత్త సిస్టమ్‌తో సహా అప్పటికే అన్నీ కుదిరి ఉన్నాయి. ప్రింటర్లు సైతం గొడవ లేకుండా పనిచేస్తున్నాయి. ఆ కుదురు మళ్ళీ తీసుకురావడం నా వల్ల కాదనిపించి, నాదాన్నే ప్లేటు చేశాను. సొంత ఫైళ్ళన్నీ వెతికి వెతికి తుడిచేశాను. ఇంటికి రాసిన ఉత్తరాలు, క్రికెట్ స్కోర్లు, సగం రాసి వదిలేసిన ఒక కథ, ఒక్కటీ మిగల్చలేదు. ఖాళీ కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరు తనిఖీ చేస్తారు?

శుక్రవారం ఆఫీసు ఖాళీ. ఒక్కో యంత్రంలో ఫ్లాపీ పెట్టి, ఆరారు చొప్పున ఇమేజ్ దించుతూ పొద్దుటినుంచీ వరసల మధ్య తిరిగాను. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక మా హైదరాబాదు మిత్రుడు కీమా, రొట్టెలు పట్టుకుని వచ్చాడు. కంపెనీలో పాస్‌పోర్టులు, వీసాలు, దేశం దాటడానికి కావలసిన ఎగ్జిట్ పర్మిట్లు, అన్నీ ఆయన చేతిలోంచే నడిచేవి. దక్కనీ, తెలుగు, అరబ్బీ మూడూ ఒకే ఊపిరిలో మాట్లాడగలడు. తెరల మీద నీలంగీతలు ఒకేలా జరుగుతుంటే కాసేపు చూశాడు.

"అందరికీ ఒక్కటే బుర్ర పెడుతున్నవా భాయ్?"

"అంతే అనుకో."

"ఎవరిది?"

"నాదే."

"అల్లా! కంపెనీ పని ఖలాస్," అని రొట్టె తుంచుకున్నాడు.

ఇదీ వెనక జరిగింది. శనివారం పొద్దున ముదీర్ గదిలో నేను ఇదంతా చెప్పుకొచ్చాను. ప్లేటు సంగతి, ఖాళీ కాగితం సంగతీ చెప్పాను. స్నానాలగది నాదేనని కూడా ఒప్పుకున్నాను; స్లాబు ఊసు మాత్రం ఎత్తలేదు. ఆయన అంతా విని, హైదరాబాదు మిత్రుణ్ణి పిలిపించి పాత సెలవు ఫైళ్ళు తెమ్మన్నాడు. మిత్రుడు తెచ్చి, నా వైపు చూడకుండా, ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు. పదకొండు తేలాయి. పదకొండు మంది తండ్రులు, పదకొండు స్నానాలగదులు. కామాలు కూడా ఒక్కచోటే.

ముదీర్ అన్నీ చదివి, కళ్ళజోడు తీసి, ఇంజనీరుగా తనకు వచ్చిన సందేహం అడిగాడు.

"మీ దేశంలో స్నానాలగదుల్లో ఏ టైల్స్ వేస్తారు?"

జవాబు కోసం ఆగకుండా మిత్రుడి వైపు తిరిగాడు.

"డ్రైవర్ని పిలవండి."

డ్రైవరు కింద కారులో ఉన్నాడు. పిలుపు రాగానే సెలవు సంతకమైందనుకున్నాడు. మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చిన చప్పుడు గదిలోకి వినిపించింది. తలుపు దగ్గర ఆగి, మొహంలో సంతోషం తీసేసి, తండ్రికి బాగాలేనివాడి మొహం పెట్టుకుని లోపలికి వచ్చాడు.

ముదీర్ తనకొచ్చిన నాలుగు హిందీ మాటల్లో అడిగాడు: "బాబా కైసా?"

"సీరియస్ సార్. బహుత్ సీరియస్."

ముదీర్ తెరని అతని వైపు తిప్పాడు. డ్రైవరుకి ఇంగ్లీషు రాదు. కానీ తన ఉత్తరం ఆకారం తెలుసు. బుధవారం నుంచి దాన్ని రోజూ తలుచుకుంటున్నాడు. తెరని చూసి, బల్ల మీద పదకొండు కాగితాలు చూసి, అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వీడ ఎందుకుండావన్నా?"

నా బదులు మిత్రుడు చెప్పాడు: "మీ నాయన ముచ్చట బయటపడ్డది తమ్మీ. నలభై రెండు కంప్యూటర్లల్ల ఒక్కసారే జారిపడ్డడు. ఇగ దాచేదేం లేదు, ఉన్నదున్నట్టు చెప్పు."

డ్రైవరు తల దించుకున్నాడు. అతను ఏడుస్తాడనుకున్నాను. సెలవు పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది, అక్కడ బామ్మర్ది మిక్సరు తిప్పుతాడు. ఇవన్నీ అతని మొహంలో ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. తర్వాత తల ఎత్తాడు.

"సార్, బాబా ఖలాస్. పదేండ్లు ఖలాస్. మేరా ఘర్ కా స్లాబ్ సార్."

"స్లాబ్?" అన్నాడు ముదీర్.

ఆ మాట ఏ దేశంలోనైనా ఒక్కటే. ముదీర్ కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు. తండ్రి గురించి ఆ పొద్దున తప్ప మూడేళ్ళలో ఒక్క ప్రశ్న అడగని మనిషి, స్లాబు గురించి ఊపిరి తీసుకోకుండా అడిగాడు. గది పొడవెంత? గోడలు రాయా, ఇటుకా? మందం ఎంత వేస్తున్నారు? మిత్రుడు అటూ ఇటూ మార్చి చెప్తున్నాడు.

"నాలుగించులు సార్," అన్నాడు డ్రైవరు.

"నాలుగు? హరామ్! ఎవడు చెప్పాడు?"

"బామ్మర్ది సార్."

"అతను ఇంజనీరా?"

"గాదు సార్. దొంగ."

ముదీర్ బల్ల మీదున్న సెలవు దరఖాస్తు తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. జేబులోంచి పెన్సిల్ తీసి, స్కేలు లేకుండానే తిన్నగా గీతలు గీశాడు. మందం ఐదించులు. కమ్మీలు ఎంత ఎడంలో కట్టాలి, గోడ మీద ఎక్కడ వంచాలి, సిమెంటు ఒకటైతే ఇసుక ఎంత, కంకర ఎంత, ఎన్ని రోజులు నీళ్ళు కట్టాలి. డ్రైవరు బల్ల మీదకి వంగిపోయి చూస్తున్నాడు. మధ్యలో ముదీర్ పెన్సిల్ ఆపి అడిగాడు:

"మతర్?"

"వాన పడతదా అని అడుగుతుండు," అన్నాడు మిత్రుడు.

డ్రైవరు నడుం నిటారుగా చేసుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్నకి దుబాసీ సాయం అతనికి అక్కర్లేకపోయింది; 'లేదు' అనడానికి అక్కడ అందరూ అనే 'మాఫీ' అతనికీ వచ్చు. "మతర్ మాఫీ సార్! మాది రాయలసీమ. వాన పేరే మర్చిపోయినాం."

ముదీర్ అర్థమైనట్టు తల ఊపాడు. ఆయన పుట్టిన ఊరూ అలాంటిదే. పైగీత అడ్డంగా, ఎటూ వాలకుండా గీసి ముగించాడు. అప్పుడు కాగితం ముందువైపు తిప్పి, తండ్రిగారు పడిపోయిన ఉత్తరం కింద సంతకం పెట్టాడు. ఫైలుకి ఒక జిరాక్స్ తీయించి అసలు కాగితం డ్రైవరుకి ఇచ్చాడు. ఇకమీదట ఎవరైనా సెలవు అడిగితే అసలు కారణమే రాయాలని నాకు చెప్పాడు. రెండు నెలలు తన ఇంటి కారు ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. డ్రైవరూ ముదీరూ కాక గదిలో లైసెన్సున్న మనిషి ఒక్కడే.

"వారెవ్వా!" అన్నాడు మిత్రుడు బయటికొచ్చాక. "స్లాబు వానిది, ఉత్తరం నీది, స్టీరింగు నాదా? పొద్దుగాల ఆరింటికి ముదీర్ పిల్లలు నా వీపు మీద చాక్లెట్ పూస్తరు. గుర్తుపెట్టుకుంట భాయ్."

తప్పు దిద్దడానికి సరైన ఖాళీ కాగితాన్ని నెట్‌వర్క్ మీదుగా అందరికీ ఒకేసారి పంపవచ్చు. కానీ ఆ రోజు అందరికీ ఒకేసారి ఏదైనా పంపే ధైర్యం నాకు లేకపోయింది. ఫ్లాపీ జేబులో పెట్టుకుని నలభై రెండు బల్లల దగ్గరికీ నడిచాను. పత్రికలోనైతే మర్నాడు లోపలి పేజీలో చిన్న సవరణ వేసి ఊరుకునేవాళ్ళం; ఇక్కడ ప్రతి పాఠకుడి మొహమూ చూడవలసి వచ్చింది. డ్రాయింగ్ సెక్షన్లో ఒక పెద్దమనిషి మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాది ఉండనీ. బాగా రాశావు, ఎప్పుడైనా పనికొస్తుంది," అన్నాడు. తర్వాతి నెల శుక్రవారాల్లో నా గుమ్మం దగ్గర చెప్పులు తగ్గాయి. అసలు కారణం రాయాలంటే మొహమాటపడి చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకడు ఏం చెప్పాలో తెలియక, "స్లాబే అని రాయన్నా," అన్నాడు. వాడికి ఇల్లే లేదు.

డ్రైవరు వెళ్ళాడు. ముదీర్ గీసినట్టే స్లాబు పడింది. మిక్సరు దగ్గర రోజంతా తనే నిలబడ్డాడు, అన్నానికి కూర్చున్న అరగంట తప్ప. తిరిగి వచ్చేటప్పుడు స్లాబు మీద చేతులు కట్టుకుని నిలబడిన ఫోటో తెచ్చి ముదీర్‌కి చూపించాడు. ముదీర్ దాన్ని వెలుతురుకి పట్టుకుని అంచులు చూశాడు. బాగుందన్నాడు.

ఆ అక్టోబరులో రాయలసీమలో వానలు పట్టుకున్నాయి. మూడు రోజులు విడవలేదని ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. నీళ్ళు స్లాబు మీద మడుగు కట్టి, పెద్ద గది ఈశాన్యం మూల కారడం మొదలైంది. స్లాబుకి వాటం లేదు, నీళ్ళు ఎటు పోతాయి, తప్పంతా దోహా డ్రాయింగుదేనని బామ్మర్ది రాయించాడు. ఆ మూల పోసింది తను అన్నానికి కూర్చున్న అరగంటలోనేనని, వాడు సిమెంటు మూట దాచేశాడని డ్రైవరు అన్నాడు. చివరికి ధైర్యం చేసి ముదీర్‌నే అడిగాడు. ఆయన ఫైలులోంచి జిరాక్స్ తెప్పించుకుని చూసి, గొంతు బాగా తగ్గించి, "నువ్వే చెప్పావు, మతర్ మాఫీ అని," అన్నాడు.

సిమెంటు తక్కువైందో, వాటం తక్కువైందో తేలాలంటే ఆ మూల పగలగొట్టి చూడాలి. దానికి డ్రైవరు ఒప్పుకోలేదు. అసలు డ్రాయింగు కాగితం బామ్మర్ది తీసుకుని సాక్ష్యమని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. వెనక తండ్రిగారి ఉత్తరం, ముదీర్ సంతకంతో సహా అలాగే ఉంది. నాకు తెలిసినంతవరకు బామ్మర్ది ఆ కాగితం తిరిగి ఇవ్వలేదు, ఆ మూల వాన పడిన ప్రతిసారీ కారుతూనే ఉంది.